తబూక్ కోటకు దిద్దుబాట్లు

జిజాన్,
2025 నవంబరు 9, ఆదివారం.

చి. పునీత్‌కు అమ్మమ్మ ఆశీస్సులు.

ఈ ఉత్తరం ఈ రోజే రాయడానికి కారణం ఉంది. నిన్న సాయంత్రం నువ్వు మీ అమ్మ ఫోనుకు పదిహేడు ఫొటోలు పంపి, "అమ్మమ్మకు చూపించు, ఇదేం కోటో ఆవిడకు తెలిసి ఉంటుంది" అన్నావు. వాటిలో మూడు రెండేసి సార్లు వచ్చాయి. కనుక ఫొటోలు పద్నాలుగు. జవాబు ఫోనులో చెప్పేయమని మీ అమ్మ చరిత అంది. ఫోనులో చెప్పిన మాటకు మర్నాడు సాక్ష్యం ఉండదు. ముప్పై ఒక్క ఏళ్లు ఏలూరులో ఆడపిల్లల బడిలో చరిత్ర చెప్పినదాన్ని, గాలిలో జవాబులు చెప్పడం నాకు చేతకాదు. నేను కాగితం మీద రాస్తాను. మీ అమ్మ ఆసుపత్రి డ్యూటీకి బయలుదేరేముందు దాన్ని ఫొటో తీసి పంపుతుంది. నువ్వూ అలాగే చేత్తో రాసి పంపు.

అది స్పెయిన్ తూర్పు తీరంలోని పెన్యీస్కొలా కోట. మూడు వైపులా సముద్రం, మధ్యలో ఒక కొండరాయి, దాని మీద కోట. కట్టించినవారు టెంప్లర్లు. అంటే సన్యాసుల్లా దీక్ష తీసుకుని సైనికుల్లా యుద్ధాలు చేసిన ఒక సంఘం. ఏడు వందల ఏళ్లు దాటినా చెక్కుచెదరకుండా నిలిచిన కోటల్లో అదొకటి. అంతకుముందు ఆ రాయి మీద అరబ్బుల కోట ఉండేది. దాని అవశేషాల మీదే వీరు కట్టారు.

ఫొటోలతో పాటు నువ్వు గీసిన బొమ్మ కూడా ఒకటి వచ్చింది. అందులో ద్వారం కమాను మొనదేలి ఉంది. భూతద్దం పెట్టి చూశాను, ఫొటోలో అది అర్ధచంద్రాకారం. ఎదురుగా ఉన్నదాన్ని ఉన్నట్టు గీయడానికి ఇంజినీరింగ్ చదవనక్కర లేదు.

ఇంతకీ ఈ అరబ్బు దేశపు ఉత్తర కొసన తబూక్‌లో ఉన్న నీకు స్పెయిన్ కోటతో ఏం పని?

ఇక్కడ దక్షిణాన ఉక్క ఇంకా తగ్గలేదు. సాయంత్రాలు వీధి చివర మల్లెమాలలు అమ్ముతారు, మగవాళ్లు కూడా కొని పెట్టుకుంటారు. వాసన మన మల్లెకు దగ్గరగా ఉంటుంది. సమానం అనను.

ఇట్లు,
అలివేలుమంగ.
నీ నుంచి రావలసిన జవాబులు: ఒకటి.


తబూక్,
నవంబరు 15.

పూజ్యులైన అమ్మమ్మకు పునీత్ నమస్కారాలు.

చేత్తో తెలుగు రాసి ఎనిమిదేళ్లయింది. తప్పులుంటే క్షమించండి, ఎర్ర పెన్నుతో దిద్ది మాత్రం పంపకండి.

మా కఫీల్‌కు, అంటే మా వీసాలిచ్చిన యజమానికి, ఊరికి నలభై కిలోమీటర్ల దూరంలో పెద్ద ఫార్మ్ ఉంది. పోయినేడు ఫ్యామిలీతో స్పెయిన్ వెళ్లి ఆ కోట చూశాడు. చూసి మనసు పారేసుకున్నాడు. ఫిబ్రవరి 5న ఆయన కొడుకు పెళ్లి. ఆ పెళ్లి అచ్చం అలాంటి కోటలోనే జరగాలట. కోటంతా కాదు, ముందుభాగం: ద్వారం, రెండు బురుజులు, ముప్పై మీటర్ల గోడ. లోపల కాంక్రీట్ బ్లాకులు, బయట రాయి. సైట్ ఇంజినీర్‌ని నేనే.

మీ ఉత్తరాన్ని దావూద్ భాయ్ చదివాడు. ఆయన మా సూపర్‌వైజర్, హైదరాబాద్ టోలిచౌకి మనిషి. తెలుగు చదవగలడు, అరబ్బీ నీళ్లలా మాట్లాడతాడు. కఫీల్ అడిగితే మొత్తం అరబ్బీలో చెప్పాడు. అక్కడ ముందు అరబ్బుల కోట ఉండేదన్న చోట కఫీల్ కుర్చీలోంచి లేచి, "చూశారా, నేను మా తాతల ఇల్లు మళ్లీ కట్టుకుంటున్నాను!" అన్నాడు. తర్వాత కమాను సంగతి వచ్చింది. "మరి మనది మొనదేలి ఉందేమిటి?" అన్నాడు. మేం అప్పటికే కట్టేశాం. మర్నాడు కూల్చాం.

కట్టింది లింబాద్రి. జగిత్యాల దగ్గరి మనిషి, తాపీమేస్త్రి. రాయిని చూసి బరువు చెబుతాడు. ఇకామా కార్డులో మాత్రం వ్యవసాయ కూలీ అని ఉంది, ఎందుకంటే ఫార్మ్ వీసా మీద వచ్చాడు. ఈ వీసా వాళ్లు కఫీల్ ఒప్పుకుంటేనే ఇంటికి వెళ్లగలరు. పోయిన మాఘంలో వాళ్ల నాన్న పోతే వెళ్లలేక వీడియో కాల్‌లో చూశాడు. ఒక్కడే కొడుకు. జనవరి 28న సంవత్సరీకం, ఈసారైనా చేతులారా చేయాలని ఆశ. ద్వారం అయిపోగానే ఎగ్జిట్ పర్మిట్ ఇస్తానని కఫీల్ మాటిచ్చాడు.

కమాను కూలుతుంటే లింబాద్రి పక్కన నిలబడి, "ఏంది సారూ, మంచిగున్నదాన్ని ఎందుకు కూలగొడ్తున్నం?" అన్నాడు.

"మా అమ్మమ్మ తప్పు పట్టింది."

"అమ్మమ్మ యాడుంటది?"

"జిజాన్‌లో."

"గది శానా దూరమే గదా," అన్నాడు, కొంచెం ధైర్యం తెచ్చుకుని.

మీరు రాసింది మాకు చాలా ఉపయోగపడింది. ఇంకేమైనా తప్పులు కనిపిస్తే తప్పకుండా రాయండి. మీ సలహాలు మాకు ఎప్పుడూ కావాలి.

మీ మనవడు,
పునీత్.


జిజాన్,
నవంబరు 24, సోమవారం.

చిరంజీవి పునీత్‌కు,

నీ ఉత్తరంలో అక్షరదోషాలు పదకొండు. దిద్దవద్దన్నావు కనుక లెక్క మాత్రమే చెబుతున్నాను.

జనవరి 28 మాఘ శుద్ధ దశమి. లింబాద్రి చెప్పిన తిథి పంచాంగంతో సరిపోయింది. ఈ రోజు నుంచి అరవై అయిదు రోజులున్నాయి. ఒక ద్వారానికి అది చాలా ఎక్కువ. ఆ కమాను ఒక్కటీ కూల్చి కట్టడానికి తొమ్మిది రోజులు పట్టిందని మీ అమ్మతో చెప్పావట. తొమ్మిది రోజులా! మేస్త్రికి నా మాటగా చెప్పు, తప్పు దిద్దుకోవడం చిన్నతనం కాదు, ఆలస్యం చేయడమే చిన్నతనం.

ఇంకా తప్పులుంటే తప్పకుండా రాయమన్నావు. రాస్తున్నాను.

ఉత్తరంతో నువ్వు పంపిన పని ఫొటోలో మీ బురుజులు గుండ్రంగా ఉన్నాయి. మొదట నువ్వే పంపిన కోట ఫొటోల్లో, నాలుగో దానిలోనూ తొమ్మిదో దానిలోనూ, అవి నలుచదరం. గుండ్రటి బురుజు నీకు ఎక్కడ కనిపించిందో నాకు తెలియదు. ఏ సినిమాలోనో చూసి ఉంటావు.

ద్వారం పైన ఒక వరసలో రాతి డాళ్లు చెక్కి ఉన్నాయి. కొన్నిటి మీద శిలువ గుర్తు ఉంది. ఉన్న దేశాన్ని బట్టి నడుచుకో. డాళ్లు చెక్కించు, లోపల నున్నగా వదిలేయించు.

ఇంకొకటి. ఆ కోట కట్టిన టెంప్లర్లు పెళ్లి చేసుకోబోమని ప్రమాణం చేసినవారు. ఆడవారిని, సొంత తల్లిని కూడా, ముద్దు పెట్టుకోకూడదని వారి నియమావళి. అటువంటి వారి గుమ్మంలో మీ కఫీల్ పెళ్లిపందిరి వేస్తున్నాడు. నేను ఆక్షేపించడం లేదు. తెలిసి వేయాలి, అంతే.

మీ అమ్మకు ఈ వారం ఆసుపత్రిలో పని ఎక్కువ. నేను చేసిన చారులో ఉప్పు చాలలేదంది. ఎప్పుడూ వేసేంతే వేశాను. ఇక్కడి ఉప్పే తక్కువ ఉప్పగా ఉంది.

ఆశీస్సులతో,
అలివేలుమంగ.
రావలసిన జవాబులు: బురుజుల గురించి ఒకటి, ఆలస్యం గురించి ఒకటి.


తబూక్,
డిసెంబరు 10.

అమ్మమ్మ గారి పాదాలకు నమస్కరించి రాస్తున్నది.

బురుజులు నలుచదరం చేశాం. పదమూడు రోజులు పట్టింది. ఇక్కడ పొద్దున్నే చలికి సిమెంటు త్వరగా బిగుసుకోవడం లేదు, ఆలస్యం అందుకే. గుండ్రటి బురుజు నేను ఎక్కడ చూశానో నాకూ గుర్తులేదు.

మీ ఉత్తరం మళ్లీ కఫీల్ ముందే చదవాల్సి వచ్చింది. అది వస్తే ఆయనకు ఎలాగో తెలిసిపోతుంది. పనివాళ్లందరినీ పిలిచి కూర్చోబెడతాడు, అందరికీ గహ్వా, అదే అరబ్బీ కాఫీ, పోయిస్తాడు. పెళ్లి చేసుకోని టెంప్లర్ల సంగతి దగ్గరికి రాగానే దావూద్ భాయ్ ఆగిపోయి నా చెవిలో, "ఇంజినీర్ సాబ్, ఈ లైన్ చదివితే మనందరికీ ఒకేసారి ఎగ్జిట్ వస్తది" అన్నాడు. పెద్దగా దగ్గాడు. "ఏమంటోంది ఆవిడ?" అన్నాడు కఫీల్. "పెళ్లికొడుకు నిండు నూరేళ్లు ఉండాలని దువా చేస్తోంది" అన్నాడు. కఫీల్ కళ్లు తుడుచుకున్నాడు. మీకు ఖర్జూరాల పెట్టె పంపిస్తున్నాడు.

లింబాద్రి రోజూ మీ గురించి అడుగుతాడు. పొద్దున చాయ్ దగ్గర ఆయన మొదటి మాట అదే. "సారూ, అమ్మమ్మ తాన్నుంచి ఉత్తరం ఏమన్న వచ్చిందా?" రాలేదంటే రెండు చేతులూ ఎత్తి పైకి దండం పెడతాడు.

మీరేం కంగారు పడకండి. పని బాగా జరుగుతోంది, జనవరి మొదట్లో ద్వారం అయిపోతుంది. కొత్త ఫొటోలు పంపుతున్నాను. ఏమైనా పొరపాట్లు ఉంటే మొహమాటం లేకుండా చెప్పండి.

ఇట్లు,
పునీత్.


జిజాన్,
డిసెంబరు 18, గురువారం.

చి. పునీత్‌కు ఆశీర్వచనాలు.

ఖర్జూరాల పెట్టె అందింది. పైన ఐదు కిలోలని ఉంది. వంటింటి త్రాసులో పండ్లు నాలుగు కిలోల ఎనిమిది వందలు తూగాయి. ఖాళీ పెట్టె రెండు వందలు. కనుక అబద్ధం లేదు. మీ కఫీల్‌కు నా కృతజ్ఞతలు. పెళ్లికొడుకుకు నేను దువా చేసినట్టు నాకు గుర్తులేదు, అయినా ఇప్పుడు చేస్తున్నాను, దావూద్ మాట పోకుండా ఉంటుంది.

లింబాద్రి సంగతి చదివి సంతోషించాను. నా ఉత్తరం కోసం రోజూ అడగడం, అందుకోసం దేవుడికి మొక్కుకోవడం మామూలు విషయం కాదు. నా దగ్గర చదువుకున్న పిల్లల్లో కూడా అంత శ్రద్ధ ఉన్నవారు ఇద్దరో ముగ్గురో. ఒకమ్మాయి జిల్లా కలెక్టరైంది. అటువంటి మనిషి చేతి పనిలో వంక ఉండకూడదు. అందుకే ఈసారి ఫొటోలను మూడు రోజులు చూశాను.

అసలు కోటలో ద్వారం పక్క గోడకు, కింద నుంచి డాళ్ల దాకా, రాతి వరసలు ముప్పై ఒకటి. నాలుగుసార్లు లెక్కపెట్టాను. మూడుసార్లు ముప్పై ఒకటి వచ్చింది, నాలుగోసారి మీ అమ్మ పిలిచింది. మీ గోడకు వరసలు ఇరవై ఎనిమిది. అంటే మీ రాళ్లు పెద్దవి. దూరం నుంచి చూస్తే ఎవరికీ తెలియదని నువ్వంటావు. దూరం నుంచి చూస్తే రేకుల షెడ్డు కూడా కోటలాగే ఉంటుంది.

ఇంకా నలభై ఒక్క రోజులున్నాయి. జనవరి మొదట్లో అయిపోతుందని నువ్వే రాశావు. మేస్త్రి తొందరపడనక్కర లేదని చెప్పు.

ఇట్లు,
అలివేలుమంగ.
రావలసిన జవాబులు: లేవు. ఇది మంచి అలవాటు, కొనసాగించు.


తబూక్,
2026 జనవరి 3, శనివారం.

అమ్మమ్మా,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపేశాను. మీకు ఇలా రాయడం నాకు అలవాటు లేదు.

గోడకున్న రాయంతా ఊడదీశాం. ప్రతి రాయినీ తగ్గించి కోసి మళ్లీ పెట్టాం. ముప్పై ఒక్క వరసలు. లింబాద్రి వేళ్లు పగిలి, గుడ్డపీలికలు చుట్టుకుని పనిచేశాడు. నిన్న పూర్తయింది.

కఫీల్ వచ్చి చూసి ముచ్చటపడ్డాడు. గోడను చేత్తో నిమిరాడు. లింబాద్రి తలపాగా విప్పి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఎగ్జిట్ సంగతి దావూద్ భాయ్ కదిపాడు. కఫీల్ నవ్వి, "నాకేం తెలుసు? నేను గోధుమలమ్ముకునేవాణ్ని. అమ్మమ్మ ఏమంటోంది? ఆవిడ ఖలాస్ అంటే ఖలాస్. ఆ రోజే ఎగ్జిట్ కొడతాను" అన్నాడు.

ఆయన చెడ్డవాడు కాదు అమ్మమ్మా. ఎవరికి జ్వరం వచ్చినా తన కారులో తీసుకెళ్తాడు. ఆయనకు మీ మీద గురి, అంతే. మొదటి కమాను రోజు నుంచీ ఇదే మాట. మీరు సరిగ్గా ఉందన్నప్పుడే పని అయిపోయినట్టు. మీరు ఒక్కసారీ అనలేదు. ప్రతి ఉత్తరానికీ లింబాద్రి ప్రయాణం రెండు వారాలు వెనక్కి వెళ్లింది. మీ ఉత్తరం రాలేదంటే ఆయన పైకి దండం పెట్టేది, రానందుకు.

ఇది మీకు ముందే రాయాల్సింది. రాయకపోగా, ఇంకా తప్పులుంటే చెప్పండి అని ప్రతిసారీ నేనే రాశాను. అది మర్యాదకు రాశాను. మీరు నిజంగా చెప్పారు.

నిన్న కఫీల్ కారు వెళ్లిపోయాక లింబాద్రి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. వాళ్లమ్మ గౌరవ్వ ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టాడు.

"ఎవలి ఇల్లురా గది? ఎన్ని దినాలు గడ్తవు?" అంది.

"అయిపోయిందే అవ్వా."

"అయిపోతె రావాలె గద. మొన్న నీ మేనల్లుడు అగ్గి వెట్టిండు. ఇప్పుడు పిండం గూడ గాడే వెట్టాల్నా? నువ్వుండంగ?"

ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని, వేళ్లకున్న పీలికలు బిగించుకున్నాడు. తర్వాత నాతో అన్నాడు. "సారూ, మీ అమ్మమ్మకు ఒక్క ముచ్చట రాయిండ్రి. కోట ఏడు నూర్ల ఏండ్లు ఆగింది. ఇంకో నెల ఆగుతది. మా నాయిన దశమి ఆగది."

ఎగ్జిట్ కొట్టాక టికెట్‌కూ మిగతా కాగితాలకూ వారం పైనే పడుతుంది. అమ్మమ్మా, "సరిగ్గా ఉంది" అని ఒక్క వాక్యం రాయండి. చివరి ఫొటో పంపుతున్నాను.

పునీత్.


జిజాన్,
జనవరి 5, సోమవారం.

నాయనా పునీత్,

నీ ఉత్తరం పొద్దున పదిన్నరకు చదివాను. ఇప్పుడు పన్నెండు. దశమికి ఇరవై మూడు రోజులున్నాయి. అందుకే అన్నం తినకముందే రాస్తున్నాను.

నువ్వు మర్యాదకు రాసిన మాటను నేను పనిగా పెట్టుకున్నాను. తప్పు చెరిసగం అనుకుంటున్నావేమో, కాదు. బడిలో ఏ పిల్లయినా పుస్తకం నా బల్ల మీద పెట్టి, "ఇంకా తప్పులున్నాయా టీచర్?" అంటే, ఆ పిల్ల ఇంటికి పోవాలని చూస్తోందని అర్థం. ముప్పై ఒక్క ఏళ్లూ ఆ ప్రశ్నకు నేను తప్పులు చూపిస్తూనే ఉన్నాను. ఎంతమంది బస్సు తప్పిపోయిందో నా దగ్గర లెక్క లేదు.

"సరిగ్గా ఉంది" అని రాయమన్నావు. రాయలేను. చివరి ఫొటో చూశాను. సరిగ్గా లేదు. మూడు చోట్ల లేదు. ఆ మూడూ ఏవో ఇక్కడ రాయడం లేదు. నీకు చెప్పను, మీ అమ్మకు కూడా చెప్పలేదు.

బదులుగా వేరే కాగితం రాసి దీనితో పంపుతున్నాను. అందులో ఉన్నది ఇది:

"ఫార్మ్ యజమాని గారికి. మీ ద్వారం పనిని నవంబరు నుంచి ఫొటోల్లో పరిశీలిస్తున్నాను. అసలు కోటను టెంప్లర్లు 1294లో కట్టడం మొదలుపెట్టారు. 1307 డిసెంబరులో ఆ దేశపు రాజు కోటను పట్టుకుని వారిని వెళ్లగొట్టాడు. వారి పని అక్కడ ఆగింది. అది పూర్తయిందని నా దగ్గరున్న రెండు పుస్తకాల్లోనూ లేదు. కాబట్టి ఆ కోటను ఉన్నదున్నట్టు కట్టదలచినవారు ఒకచోట ఆపి తీరాలి. దిద్దుతూ పోతే అది మరో కోట అవుతుంది. మీ మేస్త్రి లింబాద్రి ఆపవలసిన చోట ఆపాడు. ఇకమీద ఒక్క రాయి కదిపినా దాన్ని నేను తప్పుగానే లెక్కవేస్తాను. ఖలాస్. అలివేలుమంగ, ఎం.ఏ., విశ్రాంత ప్రధానోపాధ్యాయురాలు."

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. పని పూర్తి కాలేదని కూడా ఆ రెండు పుస్తకాల్లో లేదు. ఆ వాక్యం నేను రాయలేదు. డెబ్బై ఆరేళ్లలో తెలిసి వదిలేసిన వాక్యం ఇదొక్కటే. చరిత చదివి, "చాలా బాగా రాశావమ్మా" అంది. ఆమెకు ఎక్కడ వదిలేశానో కనిపించలేదు. నా దగ్గర చరిత్ర చదివిన పిల్లకే కనిపించకపోతే కఫీల్‌కు కనిపించదు.

లింబాద్రికి క్షమాపణ వేరే కాగితం మీద రాశాను. చిన్నది, నాలుగు పంక్తులు. దాన్ని నువ్వు చదివి వినిపించవద్దు, అచ్చు తీయించి చేతికివ్వు. చదువుకుంటాడో లేదో ఆయన ఇష్టం.

ఇక వరసగా జరగవలసినవి:

1. యజమానికి రాసిన కాగితాన్ని రేపు మధ్యాహ్నంలోపు దావూద్ చదవాలి. మొదటి మాట నుంచి చివరి మాట దాకా చదవాలి. దువాలు చేర్చనక్కర లేదు.

2. కఫీల్ నీ ఎదురుగా ఎగ్జిట్ కొట్టేదాకా అక్కడి నుంచి లేవవద్దు. గహ్వా ఎన్నిసార్లు పోస్తే అన్నిసార్లు తాగు.

3. పరంజా ఈ రోజే విప్పించు. పరంజా నిలబడి ఉంటే ఎవరికో ఒకరికి ఇంకేదో గుర్తొస్తుంది.

4. టికెట్ జనవరి 22 దాటకూడదు. లింబాద్రి 28 పొద్దున కాదు, 26 సాయంత్రానికి ఇంట్లో ఉండాలి. విమానాలు నా మాట వినవు.

5. గౌరవ్వకు ఫోను లింబాద్రే చేయాలి, అదీ టికెట్ చేతికి వచ్చాక. ఇంతకాలం ఆపింది ఎవరని ఆమె అడిగితే నా పేరు చెప్పవచ్చు.

6. ఆయన విమానం గాలిలోకి లేచేదాకా కోట గురించి నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగవద్దు, ఒక్క ఫొటో కూడా పంపవద్దు. అడిగితే నేను జవాబు చెబుతాను.